ఇరవై ఆరు మీద వేసిన నింద

విరుదునగర్‌లో బండ్ల షోరూములోకి అడుగు పెట్టగానే కొత్త టైర్ల రబ్బరు వాసన గుప్పున కొట్టింది. పోయిన నెల సంగతి. పన్నెండేళ్లు నడిపిన స్కూటీ మొరాయిస్తే కొత్తది తీసుకుందామని వెళ్లాను. నా ముందు ఒక పెద్దమనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకుని, బల్ల మీద అరచేత్తో కొడుతూ కౌంటరులో అమ్మాయి మీద అరుస్తున్నాడు. ఆయన బండికి వచ్చిన నంబరు 5309. ఐదూ మూడూ తొమ్మిదీ కలిపితే పదిహేడు, ఒకటీ ఏడూ కలిపితే ఎనిమిది. ఎనిమిది శనిదట, ఆ బండి ఆయన గుమ్మం తొక్కకూడదట. ఇక్కడ తమిళనాడులో, మా జిల్లాల్లో ఇదొక జబ్బు. బండి నంబరు, ఇంటి నంబరు, పెళ్లి తేదీ, పుట్టిన తేదీ, ఏది కనబడినా అంకెలు కలిపి చూస్తారు. ఆ కూడిక మొత్తాన్ని కూట్టు తొగ అంటారు. అది ఎనిమిది అయిందా, ఇక మొహం ముడుచుకుంటారు. "ఆ నంబరు నాకిచ్చెయ్యమ్మా" అన్నాను కౌంటరు అమ్మాయితో. పెద్దమనిషి నా వైపు తిరిగి జాలి పడ్డాడు. "వద్దమ్మా, పిల్లలు తిరిగే ఇల్లయి ఉంటుంది" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పిల్లల పేరెత్తి ఈ మాట అనేవాళ్లని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది సార్" అన్నాను షోరూమంతా వినబడేలా. ఆయన బిత్తరపోయి పక్కకు జరిగాడు. అంత గట్టిగా అరిచింది నేనేనా అనుకున్నాను. అచ్చం సరోజ టీచర్ గొంతు.

సరోజ టీచర్ మీకెవరికీ తెలియదు. కోవిల్‌పట్టిలో నేను చదివిన బడిలో ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కలు చెప్పేవారు. పొట్టి మనిషి, చెప్పులు టపటపలాడిస్తూ నడిచేవారు, ఆ చప్పుడు వరండా మలుపులో వినబడితే చాలు క్లాసు గప్‌చుప్ అయిపోయేది. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ బడికి, అంతే ఆవిడ లోకం. పాఠం తమిళంలో చెప్పేవారు, కోపం మాత్రం తెలుగులో వచ్చేది. మాలాంటి తెలుగు ఇళ్లవాళ్లే అని నాకు తెలిసింది అలాగే. మా తెలుగు ఇంట్లో మాట్లాడుకునేదే కానీ చదివేది కాదు. నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నది పాతికేళ్లు దాటాక. అది వేరే కథ. టీచర్ కోపానికి ఒక పద్ధతి ఉండేది. లెక్క తప్పు చేస్తే ఏమీ అనేవారు కాదు, ఎర్ర సిరాతో ఒక గీత గీసి మళ్లీ చెయ్యమనేవారు. జవాబు సరిగ్గా రాసి, అదెలా వచ్చిందో చెప్పకపోతే మాత్రం మండిపడేవారు. "యాడినుంచి వచ్చింది ఈ జవాబు? ఆకాశంలోనించి రాలిందా?" అని సుద్దముక్క విసిరేవారు. గురి తప్పేది కాదు. మాకు ఆవిడంటే హడల్.

మా నైనా అగ్గిపెట్టెల ఆపీసులో పని చేసేవాడు. మా ఊళ్లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని అందరూ ఆపీసు అనే అంటారు. పుల్లల కొసలు మందులో ముంచే గదిలో ఆయన పని. నాకు పదకొండేళ్లప్పుడు ఆపీసులో మందు ముంచడానికి కొత్త గది కట్టారు. ఆ గది తెరిచిన రోజే అందులో మంట లేచింది. నైనాతో పాటు ఉన్న మనిషి జుట్టు కాలి బయటపడ్డాడు. నైనా రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి కుడి చేతి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మా మొదలాళి, అంటే ఆపీసు యజమాని, పళ్ల బుట్ట పంపాడు. ఆ వెనకే ఒక అంకెల జోస్యుణ్ని కూడా పంపాడు, ఆ ఇంటికి ఏ కీడు పట్టిందో చూసి రమ్మని. ఎంత దయ చూడండి!

ఆ జోస్యుడు మా ఇంట్లో చాప మీద కూర్చుని అమ్మ ఇచ్చిన కాఫీ ఊదుకుంటూ తాగాడు. తర్వాత అందరి పుట్టిన తేదీలూ అడిగాడు. నైనాది, అమ్మది, అవ్వది అయ్యాక నా వంతు వచ్చింది. "ఇరవై ఆరు" అన్నాను. కాఫీ గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా, నైనాతో చెప్పాడు: "రెండూ ఆరూ ఎనిమిది. ఈ పిల్ల శని నేరుగా తండ్రి చేతుల మీద పడింది. పెళ్లయ్యేదాకా ఈ పిల్ల తండ్రి కప్పు కింద ఉండకూడదు." నైనా కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. అవ్వ నన్ను వెనక్కి లాగింది, నా నీడ నైనా మీద పడుతుందని. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఏళాయిరంపన్నైలో మా పిన్ని ఉండేది, ఇంట్లో కూర్చుని టపాకాయలకు కాగితం గొట్టాలు చుట్టేది. క్వార్టర్లీ పరీక్షలు కాగానే నన్ను అక్కడికి పంపేయాలని ఆ చాప మీదే తేల్చేశారు. బడి సంగతి ఎవరూ ఎత్తలేదు. పదకొండేళ్ల పిల్లను, నేనేం అడగగలను? నైనా చేతులు నేనే కాల్చానని నమ్మేశాను. ఇప్పటికీ ఆ సాయంత్రం తలుచుకుంటే పళ్లు పటపట కొరకాలనిపిస్తుంది.

ఆ తర్వాత నేనొక పిచ్చి పని మొదలుపెట్టాను. ఇంటి లెక్కల్లో ఇరవై ఆరో లెక్క వదిలేసేదాన్ని. పదిహేడోది, ఎనిమిదోది కూడా. ఆ అంకెలు నా చేత్తో రాస్తే ఇంకెవరికి ఏమవుతుందోనని భయం. మూడో రోజు సరోజ టీచర్ నోటుబుక్కు పట్టుకుని నా బెంచీ దగ్గరికి వచ్చారు. "ఏమే కనకా, ఇరవై ఆరో లెక్క యాడ? ఎలక తినిందా?" అన్నారు. బడి వదిలాక ఉండమన్నారు. అందరూ వెళ్లిపోయాక, ఆవిడ చూపుకు తట్టుకోలేక, ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. "ఎవడే ఆ దరిద్రుడు? కాపీ తాగి బిడ్డ నెత్తిన నిప్పులు పోసి పోయినాడా?" అని బల్ల మీద డస్టరు కొట్టారు. సుద్దపొడి నా కళ్లల్లో పడింది. తర్వాత నా చేతిలో సుద్దముక్క పెట్టి, "లెయ్. పలక మీద మొదటి వరసలో వర్గాలు రాయి, కింది వరసలో ఘనాలు రాయి" అన్నారు. బోర్డును ఆవిడ పలక అనేవారు.

రాశాను. పైన 1, 4, 9, 16, 25, 36. కింద 1, 8, 27, 64, 125. "ఇప్పుడు చూడు. ఒక పక్క వర్గము, ఒక పక్క ఘనము, నడిమధ్యన ఒకటే ఒక నంబరు ఉండాల. అట్లాంటిది యాడుంది?" అన్నారు. నాకు చాలాసేపు పట్టింది. 8 పక్కనే 9 ఉంది, మధ్యలో చోటే లేదు. 121, 125 దగ్గరగా వచ్చాయి కానీ మధ్యలో మూడు నంబర్లు దూరాయి. చివరికి 25 కనబడింది, 27 కనబడింది. మధ్యలో నా తేదీ. "ఇంకోటి పట్టుకోని రా. లెక్కపెట్టుకుంటూ పో, యాడదాకా పోతావో పో" అన్నారు. పరీక్షల ముందు సెలవులన్నీ అదే పని. నూరు దాకా వర్గాలు, ఇరవై ఒకటి దాకా ఘనాలు కట్టాను. పదిహేడు ఘనం 4913 దగ్గరికి 4900 వచ్చింది, పదమూడు తేడాలో ఆగిపోయింది. ఇంకోటి దొరకలేదు. టీచర్ దగ్గరికి వెళ్లి చేతులెత్తేశాను. "దొరకదు. ఎంత దూరం పోయినా దొరకదంట. అట్లాంటిది ఇది ఒకటే" అన్నారు.

అప్పుడే ఇంకొక లెక్క చేయించారు. "వాళ్లు కూట్టు తొగ పడతారు కదా, మనమూ పడదాం. ఎనిమిది, పదిహేడు, ఇరవై ఆరు, మూడింటికీ ఘనం కట్టి అంకెలు కూడు." ఎనిమిది ఘనం 512, అంకెలు కూడితే ఎనిమిది. పదిహేడు ఘనం 4913, కూడితే పదిహేడు. ఇరవై ఆరు ఘనం 17576. ఒకటీ ఏడూ ఐదూ ఏడూ ఆరూ, ఇరవై ఆరు! నాకు ఒళ్లు జలదరించింది. శనివని ఊరంతా తరిమే మూడు తేదీలూ తిరిగి తిరిగి తమ దగ్గరికే వస్తున్నాయి. ఆ సంతోషంలో నోరు జారాను. "అయితే నాది రాశైన నంబరా టీచర్?" అన్నాను. మా వైపు కలిసొచ్చేదాన్ని రాశైనది అంటారు. అంతే, ఆవిడ చేతిలో సుద్దముక్క రెండు ముక్కలైంది. "నోరు ముయ్! ఇంతసేపు నీకు చెప్పింది దేనికే? పద్దెనిమిదీ ఇరవై ఏడూ కూడా అట్లే వస్తాయి, పోయి చేసి చూడు. వాటి కూట్టు తొగ తొమ్మిది, వాళ్లకు మంచి నంబరు. మంచిదీ చెడ్డదీ ఒకటే ఆట ఆడతా ఉండాయి కదా, ఇంక నంబరుకేం తెలుసు నీ నైనా చెయ్యి సంగతి?" నేను బిక్కచచ్చిపోయాను. ఆవిడ చెప్పింది అర్థమైందో లేదో గానీ ఆ రోజు ఇంటికి వెళ్లి వదిలేసిన లెక్కలన్నీ చేశాను.

పరీక్షలయ్యాక వచ్చిన మొదటి ఆదివారం ఆవిడ చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు. తెల్ల చీర, చేతిలో బైబిలు. నా బట్టల సంచి అప్పటికే గడప దగ్గర ఉంది, మధ్యాహ్నం బస్సుకు నన్ను తీసుకెళ్లడానికి పిన్ని రావాలి. అమ్మ పీట వేసింది. టీచర్ కూర్చోలేదు. నిలబడే నైనాను అడగడం మొదలుపెట్టారు, క్లాసులో మమ్మల్ని అడిగినట్టే, ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు. ముందే ఎక్కడో వాకబు చేసుకుని వచ్చినట్టున్నారు.

"అన్నా, మంట లేచిన దినం తేదీ ఎంత?"

"ఇరవై నాలుగు, టీచరమ్మా."

"ఆ కొత్త గది తెరవాలని ముందు పెట్టుకోనింది ఏ తేదీకి?"

నైనా నేల చూశాడు. అమ్మే వంటింటి గుమ్మంలోంచి చెప్పింది. "ఇరవై ఆరుకి."

"మరి ఏంటికి ముందుకు జరిపినారు?"

"ఇరవై ఆరుకి కూట్టు తొగ ఎనిమిది వస్తాదని మొదలాళి ఒప్పుకోలా" అంది అమ్మ. "ఇరవై నాలుగైతే ఆరు, మంచిదని."

"ఆ గదికి తలుపులెన్ని?"

"రెండు" అన్నాడు నైనా. "ఒకటే పెట్టినారు. రెండోది కొత్తనారు వచ్చి గోడ కొట్టి పెట్టాల. ఆయన ఇరవై ఐదున వస్తానన్నాడు." కొత్తనారు అంటే మేస్త్రీ. నేను సంచి పక్కన నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఆరు. నా తేదీ దాకా ఆగి ఉంటే ఆ గదికి రెండు తలుపులుండేవి. నైనా రెండో తలుపులోంచి బయటికి వచ్చేసి ఉండేవాడు. ఎనిమిదికి భయపడి గోడ ఉన్న గదిలోకి మనుషుల్ని తోశారు, చేతులు కాలాక ఆ ఎనిమిదినే తెచ్చి నా నెత్తిన పెట్టారు.

"ఇది నీకు తెలుసు కదన్నా? మొదటినుంచీ తెలుసు కదా?" అన్నారు టీచర్. నైనా తల ఎత్తాడు. ఆ మాట ఆయన ఎలా అన్నాడో నేను చచ్చేదాకా మరిచిపోలేను. అరవలేదు, ఏడవలేదు, ధర చెప్పినట్టు చెప్పాడు. "తెలుసు టీచరమ్మా. ఈ చేతులతో నాకు ఇంగ ఎవురు పని ఇస్తారు? ఆపీసు గేటు కాడ కాపలా కూర్చోమని మొదలాళి అన్నాడు. ఆయన మీద కోపం చూపిస్తే కూడు పోతాది. బిడ్డ మీద చూపిస్తే ఏం పోతాది?"

"బిడ్డ పోతాదన్నా" అన్నారు టీచర్.

నైనా మనసు మార్చుకుని నన్ను దగ్గరికి తీసుకున్నాడని రాయాలని నాకూ ఉంది. అలా జరగలేదు. జోస్యుడి మాట కాదని నన్ను ఇంట్లో ఉంచుకుంటే మొదలాళికి తెలుస్తుందని ఆయన భయం. టీచర్ గడప దగ్గరికి వచ్చి నా సంచి తీసుకున్నారు. "కప్పు కింద ఉండకూడదు, అంతే కదా మీ జోస్యం? సరే. నా కప్పు కింద ఉంటాది. బడి మానేది లేదు. వదినా, బిడ్డను చూడాలంటే నువ్వు రా, ఎవుర్నీ అడగబల్లేదు" అని అమ్మతో చెప్పి నా చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచారు. చెప్పులు టపటపలాడుతున్నాయి. పిన్ని వచ్చేసరికి నేను లేను.

ప్లస్ టూ అయ్యేదాకా ఆవిడ ఇంట్లోనే ఉన్నాను, మా ఇంటికి నాలుగు వీధుల అవతల. ముద్దు చేసే మనిషి కాదు. రసంలో ఉప్పు ఎక్కువైందంటే "నీళ్లు పోసుకో" అనేవారు. జ్వరం వస్తే మంచం పక్కన కూర్చుని నా నోటుబుక్కు దిద్దేవారు. నెలకోసారి నైనా వచ్చేవాడు. కడలమిఠాయి, అదే వేరుశెనగ చిక్కీ, పొట్లం మోచేతి మడతలో ఇరికించుకుని గేటు బయట నిలబడేవాడు, లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు. పొట్లం తీసుకుని నేనూ నిలబడేదాన్ని, ఏదైనా అంటాడేమోనని. "బాగా చదువుతుండావా?" అనేవాడు. "ఊఁ" అనేదాన్ని. అంతే. ఒకసారి ఆ పొట్లం కాలవలో గిరాటేశాను. టీచర్ చూశారు. అన్నిటికీ తిట్టే మనిషి దానికి మాత్రం తిట్టలేదు.

విరుదునగర్ కాలేజీలో లెక్కలు చదివేటప్పుడు, ఇరవై ఆరు లాంటిది ఇంకోటి ఎందుకు ఉండదో చివరి సంవత్సరంలో మాకు నిరూపించి చూపించారు. మైనస్ రెండుకు వర్గమూలం ఒకటి ఉందనుకుని, దాన్ని కలుపుకున్న కొత్త రకం సంఖ్యల్లోకి వెళ్లి, అక్కడ కారణాంకాలు విడగొట్టి తిరిగి రావాలి. ఆ శనివారమే బస్సెక్కి కోవిల్‌పట్టి వెళ్లి టీచర్ ముందు కాగితం పరిచాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, "ఇది నాకు తెలియదే కనకా. అప్పుడు ఎవురో రాసినారని నమ్మి నీకు చెప్పినా. రుజువు నా దగ్గర లేదు. ఇప్పుడు నువ్వు చెప్పు, నేను నేర్చుకుంటా" అన్నారు. రెండు గంటలు చెప్పాను. మధ్యలో ఒక మెట్టు దాటేస్తే పట్టుకున్నారు. "ఇది యాడినుంచి వచ్చింది? ఆకాశంలోనించి రాలిందా?" అన్నారు. అంతా అయ్యాక కాగితం మడిచి బైబిలులో పెట్టుకున్నారు. నాకు ఉద్యోగం వచ్చిన మూడో ఏడు ఆవిడ పోయారు. ఊళ్లో కొంతమంది, పోయిన తేదీకి కూట్టు తొగ పట్టడం నా చెవులారా విన్నాను. శవం ఇంట్లో ఉండగా వాళ్లతో తగువు పడ్డాను, అందుకు నాకేమీ సిగ్గు లేదు.

నైనా అంతకు ముందే పోయాడు. ఆసుపత్రిలో ఆఖరి వారం ఆయన పక్కన కూర్చున్నాను. అడగకూడదనుకుంటూనే అడిగేశాను. "నైనా, నీ చేతులు కాలడం నా తప్పా?" ఆయన కళ్లు మూసుకుని, "అదంతా ఇప్పుడేంటికి పాపా" అన్నాడు. కాదు అనడానికి రెండు అక్షరాలు. ఆ రెండక్షరాలు ఆయన నోటి నుంచి రాలేదు. మొదలాళి మీద నా కోపం ఎంత ఉందో నైనా మీదా అంతే ఉంది. ఆయన పేదవాడని నాకు తెలుసు, భయపడ్డాడని తెలుసు, అయినా చల్లారదు. సరోజ టీచర్ నాకు వర్గాలు చెప్పారు, ఘనాలు చెప్పారు, మంట లెక్క విప్పి చూపించారు, అన్నం పెట్టారు. ఆ ఒక్క మాట మాత్రం ఆవిడా అనలేదు, నైనాయే అనాలని వదిలేశారేమో. నాకు తెలియదు.

ఇప్పుడు నేనూ విరుదునగర్‌లో ఒక బడిలో లెక్కలే చెబుతున్నాను. ఈ ఏడు బడి తెరిచిన వారం, ఆరో తరగతిలో చేర్చడానికి ఒక జంట కూతుర్ని తీసుకొచ్చారు. అడ్మిషన్ల బల్ల దగ్గర ఆ రోజు నేనున్నాను. తండ్రి గొంతు తగ్గించి, పుట్టిన తేదీ పదిహేడును పద్దెనిమిది చేసి రాయమన్నాడు. "ఈ పిల్ల పుట్టినాక వ్యాపారం నిలబడలేదు మేడం, కూట్టు తొగ సరిలేదు" అన్నాడు. పక్కనున్న గుమాస్తా, రాసేస్తే పోతుంది కదా అన్నట్టు చూశాడు. "రాయను" అన్నాను. ఆయన వాదించాడు, నేను అరిచాను, హెడ్మాస్టరు గదిలోంచి బయటికి వచ్చారు. ఆ గలభాలో ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని మా తెలుగులో అడగడం వినబడింది. "నేనేం చేసినానమ్మా?" తల్లి ఆ పిల్ల నోరు మూసింది. నేను కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. నా గొంతులో కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. "నువ్వేమీ చెయ్యలా పాపా" అన్నాను. "నీ తప్పు ఏమీ లేదు." ఆ మాట ఎవరైనా పైకి అనగా వినడం నాకూ అదే మొదటిసారి.